సిరా కింద గీత

కోడలు రబ్బర్ల మొహాలు తుడుస్తోంది. పాత గోనెగుడ్డ ముక్కను బల్ల మీద పరిచి, ఒక్కో రబ్బరునూ తీసుకుని, నల్లబడిన వైపు దాని మీద ఆనించి లోపలి రంగు బయటపడేదాకా రుద్దుతోంది. మసి మొహంతో ఉన్న రబ్బరును కాగితం మీద పెడితే చెరపడం మాట అటుంచి, నిన్నటి నలుపంతా తెచ్చి ఇవాళ్టి బొమ్మకు పూస్తుంది. అందుకని పొద్దున్నే టీ గిన్నె పొయ్యి మీంచి దించగానే ఆమె చేసే మొదటి పని ఇదే.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తకుండానే అడిగారు.

"అయిందా నీ తోడికోడళ్ళ ముస్తాబు?"

"ముగ్గురిదయింది అత్తయ్యా. పెద్దావిడే మాట వినడం లేదు."

"పెద్దవాళ్ళం అంతేనమ్మా. ఎండేకొద్దీ బిగుసుకుంటాం."

ఇంట్లో నిజం తోడికోడళ్ళు లేరు. ఆమె భర్త ఒక్కడే కొడుకు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామగారి బల్ల మీద వరసగా ఉన్న రబ్బర్లను చూసి "ఇన్నెందుకు, ఒకటి చాలదా?" అని ఆమె అడిగితే, అత్తగారు నవ్వి, "నీకు తోడికోడళ్ళు లేరని బెంగపడతావేమోనని మీ మామయ్య తెచ్చిపెట్టారు. నలుగురికీ నాలుగు గుణాలు. సర్దుకుపోవడం నేర్చుకో" అన్నారు. ఆ పేరు అలాగే ఉండిపోయింది.

గుణాలు మాత్రం మామగారే చెప్పారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు గానీ వీధి వీధంతా ఆయన్ను గీతల మాస్టారనే అంటుంది. బడి పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సుకు బొమ్మలు గీయడం ఆయన పని. ఆకులు, పిట్టలు, వడ్రంగి పనిముట్లు, గుండెకాయ నిలువుకోత, వాన ఎలా కురుస్తుందో చూపించే బాణం గుర్తులు. ముందు పెన్సిలుతో గీసి, దాని మీద నల్ల సిరాతో గీసి, సిరా ఆరాక పెన్సిలు చెరిపేస్తే బొమ్మ తయారు.

"పెన్సిలు గీత కాగితంలోకి పోదమ్మాయ్," అన్నారాయన మొదటి రోజు. "కాగితానికి కంటికి కనపడని నూగుంటుంది. ఆ నూగులో నల్లపొడి చిక్కుకుని ఉంటుంది, గొర్రె ఒంటికి పల్లేరుకాయలు అంటుకున్నట్టు. రబ్బరుకి కాగితం కంటే పట్టెక్కువ. రుద్దితే పొడి కాగితాన్ని వదిలేసి రబ్బరుని పట్టుకుంటుంది. నల్లబడిన పొర నలకలై రాలిపోతుంది. కింద కొత్త పొర వస్తుంది. అలా అరగకపోతే అది రబ్బరు కాదు, రాయి."

పెద్దావిడ రాయి అయిపోయింది. ఎర్ర రబ్బరు అది, ముసలిది. పైన చర్మం బిగిసి, నలకలు రాలక, పొడిని పట్టుకోవడం మానేసి అటూ ఇటూ పూస్తుంది. ఆయన దాన్ని పారెయ్యనివ్వరు. రెండోది తెల్లది, మెత్తనిది. రోజూ పనిలో ఉండేది అదే. దాని నలకలు దారప్పోగుల్లా చుట్టుకుని వస్తాయి. దానికి ఒకటే చెడ్డ గుణం, ప్లాస్టిక్ స్కేలు పక్కన పెట్టి మర్చిపోతే కొన్నాళ్ళకి రెండూ కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

"మావాడూ నువ్వూ పెళ్ళయిన కొత్తలో అలాగే ఉండేవాళ్ళు," అని అత్తగారు అనడం, కోడలు నలకలు ఊడ్చే నెపంతో తల దించుకోవడం అప్పట్లో మామూలే.

మూడోది బంక రబ్బరు. బూడిదరంగు ముద్ద. దాన్ని రుద్దకూడదు. వేళ్ళతో పిసికి, గీత మీద అద్ది, ఎత్తాలి. అది గీతను ఒక్కసారిగా చెరపదు, కొంచెం కొంచెంగా పలచన చేస్తుంది. చప్పుడుండదు, నలకలుండవు, కాగితానికి నొప్పి తెలీదు. నాలుగోది ఇసుక రబ్బరు, సిరా కోసం. సిరా నూగు మీద ఆగే రకం కాదు, లోపలికి ఇంకిపోతుంది. ఇంకినదాన్ని ఏ రబ్బరూ లాగలేదు కాబట్టి ఇది కాగితం చర్మాన్నే గీరేస్తుంది. గీరిన చోట చెంచా వెనక వైపుతో నున్నగా రుద్దకపోతే, మళ్ళీ పెట్టిన సిరా వేళ్ళు దిగినట్టు పాకుతుంది.

"దాన్ని ముట్టుకోకుండా రోజు గడిస్తే ఆ రోజు మంచిరోజు," అనేవారు మామగారు.

"ఇవేవీ రాకముందు రొట్టెతో చెరిపేవారటగా మామయ్యగారూ?"

"మీ అత్తయ్యనడుగు."

"అడగాలా! మా పెళ్ళయిన కొత్తలో ఈయన బేకరీ నుంచి మెత్తటి రొట్టె తెచ్చారమ్మా. నాకోసమే అనుకుని మురిసిపోయి టీ పెట్టుకొచ్చా. వచ్చేసరికి సగం రొట్టె నలిపి బొమ్మ మీద పోసుకుని రుద్దుకుంటున్నారు. మిగతా సగం నాకిచ్చారు. పెన్సిలు వాసన."

"తిన్నావుగా?"

"తినక! మొగుడు మొదటిసారి తెచ్చింది."

కోడలికి ఆ బల్ల దగ్గర పని పడింది ఇలాంటి మాటల మధ్యే. మొదట్లో చెరపడం ఒక్కటే. ఎడమ అరచెయ్యి వెడల్పుగా పరిచి కాగితాన్ని పట్టుకోవాలి, రబ్బరును ఆ చేతి నుంచి అవతలికే తోయాలి, వెనక్కి లాగకూడదు. లాగితే కాగితం మడతపడి, రోజుల పని ఒక్క చప్పుడుతో పోతుంది. ఒకసారి పోయింది కూడా. మందారపువ్వు మధ్యలో మడత. ఆమె ఏడుపు మొహం చూసి మామగారు, "పోనీలే, పువ్వన్నాక వాడకుండా ఉంటుందా" అన్నారు. మళ్ళీ గీశారు.

తర్వాత ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసుకు తెలిసింది, తర్వాత చొక్కా గుండీలకు, ఆఖరికి పెన్సిలుకు. డాక్టరు వయసన్నాడు. మాత్రలతో కొంత తగ్గింది గానీ పోలేదు. పెన్సిలుతో ఎలాగో నెట్టుకొచ్చేవారు, ఎందుకంటే పెన్సిలు వెతుక్కుంటూ పోతుంది. ఒక గీత పక్కన ఇంకోటి, దాని మీద ఇంకోటి వేస్తే అన్నీ కలిసి బొమ్మ అవుతాయి. సిరా కలం అలా కాదు. అది ఒక్క గీతే గీస్తుంది, వణికితే వణికినట్టే ఉండిపోతుంది. ఇసుక రబ్బరు నెలలోనే సగం అరిగిపోయింది.

ఒకరోజు ఆయన కలం కోడలి చేతిలో పెట్టారు.

"బొమ్మంటే పెన్సిలే అమ్మాయ్. సిరా కూలిపని. నేను నాటింది నువ్వు కోస్తే చాలు. గీత దాటకు."

ఆమె దాటలేదు. మొదటి కొన్ని కాగితాలు ఆయన గీత ఎక్కడికి పోతే అక్కడికే పోయింది. అది వంకర పోతే కలం వంకర పోయింది. పెన్సిలు చెరిపి చూసుకుంటే ఆకుల అంచులు పురుగు కొరికినట్టు ఉన్నాయి. ప్రెస్సుకు వెళ్ళాక అక్కడ ఎవరో నవ్వుతున్నట్టు ఆమెకే ఒక ఊహ వచ్చింది, అలాంటిదేమీ ఎవరూ చెప్పకపోయినా.

మొదటిసారి సరిచేసింది ఒక రావి ఆకు కొన. పొడుగ్గా సాగే ఆ కొన దగ్గర ఆయన పెన్సిలు మూడుసార్లు తడబడింది. ఆమె బంక రబ్బరుతో అక్కడ అద్ది పలచన చేసి, ఒక్క ఊపులో కలం లాగింది. సిరా ఆరాక తెల్ల రబ్బరుతో అంతా చెరిపేసింది. తడబాటు నలకలతోపాటు చేటలోకి పోయింది. ఆకు నిలబడింది. ఎవరికీ తెలీలేదు. ఆ సాయంత్రమంతా ఆమె మనసు తేలిగ్గా ఉంది, పెద్దవాళ్ళకి చెయ్యి అందించి గడప దాటించినప్పుడు ఉన్నట్టు.

అక్కణ్ణుంచి అది అలవాటయింది. ఆకు కొన తర్వాత ఆకు, ఆకు తర్వాత కొమ్మ. ముందు ఆయన గీత మీద తన గీత ఉండేది, తర్వాత పక్కన నడిచేది. కొన్నాళ్ళకి ఆయన గీత ఎటు పోవాలనుకుందో ఊహించి అటు పోయేది. అది మామగారి మీద జాలి అని ఆమె అనుకుంది. అందులో కొంత కలం ఒక్క ఊపులో సాగినప్పుడు వేళ్ళకు కలిగే సంతోషమని కూడా ఆమెకు తెలుసు. రెండిటినీ విడదీసి చూసుకోలేదు.

పూర్తయిన కాగితాలు ఆయన చూసేవారు కాదు. సిరా ఆరుతూండగానే తర్వాతి బొమ్మలో పడిపోయేవారు. చెరపడం అయ్యేసరికి ప్రెస్సు సైకిలు వాకిట్లో ఉండేది. పుస్తకం అచ్చయి వచ్చినప్పుడే చూసుకునేవారు. అచ్చులో బొమ్మలు చిన్నవి. ఆయన గీసేదానికి సగం.

"చూశావా అమ్మాయ్, వణుకు ఎక్కడైనా కనపడిందా?" అని పుస్తకం ఆమె ముందు పెట్టేవారు. "ఇదే మా పనిలో కిటుకు. పెద్దగా గీసి సగానికి తగ్గిస్తే, తప్పు కూడా సగానికి తగ్గుతుంది. కన్ను పట్టుకోలేదు. నేనింకా చాలాకాలం లాగించొచ్చు."

"అయితే మిమ్మల్నీ సగానికి తగ్గించమనండి ప్రెస్సాయన్ని," అన్నారు అత్తగారు. "కోపం కూడా సగమవుతుంది."

ఆయన గట్టిగా నవ్వారు. అంతకుముందు చాలా రోజులుగా ఆయన అలా నవ్వలేదు. కోడలు పుస్తకం మూసి పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఆ కిటుకు నిజమే, అంత వణుకును కప్పగలిగేది కాదు, అంతే. చెప్పాలంటే అప్పుడే చెప్పాల్సింది. ఆ నవ్వు మీద ఎలా చెబుతుంది?

భర్తతో మాత్రం చెప్పింది. అతను బస్సుల డిపోలో మెకానిక్. సాయంత్రం పెరట్లో చేతులకంటిన గ్రీజు కడుక్కుంటూ విన్నాడు.

"ఏవండీ, మామయ్యగారికి చెప్పెయ్యాలేమో అనిపిస్తోంది."

"ఏమని? మీ గీతలు పనికిరావట్లేదు, నేనే గీస్తున్నానని?"

"అలా అని కాదు..."

"ఎలా అన్నా అదే కదా అర్థం. పాత బస్సుకి కొత్త ఇంజను వేస్తాం. బస్సు పేరు మారుస్తామా? రూటు మారుస్తామా? నాన్న బస్సే, నాన్న రూటే. నువ్వు ఇంజనువి. నోరుమూసుకుని లాగు."

"ఇంజను నోరుమూసుకుంటుందా ఎక్కడైనా?"

"మంచిదైతే మూసుకుంటుంది," అని నవ్వి నీళ్ళు చిలకరించాడు. ఆమెకూ నవ్వొచ్చింది. మాట అక్కడితో పోయింది.

పిట్టల పుస్తకం వచ్చింది తర్వాత. మామగారు చాలా ఇష్టంగా మొదలుపెట్టిన పని అది. కొంగను మాత్రం రోజుల తరబడి గీశారు. వణుకును అదుపులో పెట్టడానికి పెన్సిలును బిగించి పట్టుకుని, ముల్లు కాగితంలోకి దిగేలా నొక్కేవారు. ఒంటికాలి మీద నిలబడి, మెడ వంచి నీళ్ళలోకి చూస్తున్న కొంగ. కాళ్ళు బాగా వచ్చాయి. ముక్కూ, నీళ్ళలో ముక్కు నీడా కలిసే చోట మాత్రం పెన్సిలు చిక్కుపడిపోయింది. ఏది ముక్కో ఏది నీడో తెలీకుండా అంతా ఒక నల్ల పీచు.

కోడలు కలం పట్టుకుని దాని ముందు చాలాసేపు కూర్చుంది. బంక రబ్బరుతో అద్దింది, మళ్ళీ అద్దింది, ముక్కు పోయింది. ఇంకా అద్దితే తల పోయింది. మెడ పైన అంతా తెల్లటి చోటు. ఆ తెలుపు చూస్తుంటే చెయ్యి దానంతటది పైకి పోయింది. మెడ నిటారుగా లేచింది, తల పక్కకి తిరిగింది, ముక్కు ఆకాశం వైపు సన్నగా సాగింది. ఎవరో పిలిస్తే చూసినట్టుంది కొంగ. అంత బాగా అంతకుముందెప్పుడూ ఆమె చేతికి రాలేదు. ఆ తల ఎత్తింది మామగారి వణుకును సర్దడానికి కాదని సిరా ఆరుతున్నప్పుడే ఆమెకు తోచింది. ఇసుక రబ్బరు వైపు చూసింది కూడా. తియ్యలేదు.

పెన్సిలంతా చెరిపాక, గట్టిగా నొక్కిన చోట కాగితంలో సన్నటి గాడి మిగిలింది. పొడి పోయింది గానీ పల్లం పోలేదు. కాగితాన్ని బోర్లించి చెంచా వెనక వైపుతో మెల్లగా రుద్దింది. చాలావరకు సమమైంది. అచ్చులో నలుపే పడుతుంది, పల్లాలు పడవు. సైకిలు వచ్చింది, కొంగ వెళ్ళిపోయింది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం ప్రెస్సాయనే స్వయంగా వచ్చాడు, చంకలో బట్ట చుట్టిన చట్రంతో. అలా ఆయన ఇంటికి రావడం అదే మొదలు. అత్తగారు కుర్చీ మీద పేరుకున్న బట్టలు గబగబా తీసి మంచం మీదకు విసిరారు.

"పిట్టల పుస్తకం అచ్చు పూర్తయింది మాస్టారూ. కాపీలు రేపు పంపిస్తాను. ఇది మాత్రం నేనే ఇవ్వాలని తెచ్చా." బట్ట విప్పాడు. చట్రంలో కొంగ, ఆమె గీసిన కాగితమే. "మా వాళ్ళందరూ దీని చుట్టూ మూగారండీ. పటం కట్టించి మాస్టారికే ఇద్దామన్నారు. అద్దం పనివాడు ఇంకా ఇవ్వలేదు, వచ్చాక బిగించుకోండి. ఏం తలండీ అది! ఎవరో పిలిచినట్టు ఎలా ఎత్తింది! ఈ వయసులో గీత చిగురెయ్యడం నేనెక్కడా చూళ్ళేదు."

మామగారు పటాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. చూస్తున్నారు.

"తల... ఎత్తించానా నేను?"

"బాగుంది!" అన్నారు అత్తగారు. "నిన్న ఏం తిన్నారో ఇవాళ గుర్తుండదు, ఎప్పుడో గీసిన కొంగ తలెక్కడ గుర్తుంటుంది?"

ప్రెస్సాయన హాయిగా నవ్వాడు. మామగారూ కొంచెం నవ్వారు. కోడలు టీ గ్లాసులున్న పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాతి పుస్తకం జంతువులదనీ, అది మాస్టారే గీయాలనీ, ఇంకెవరికీ ఇవ్వననీ ప్రెస్సాయన చాలాసేపు చెప్పాడు. మామగారు "సరే, సరే" అన్నారు. ఆయన్ను గేటుదాకా సాగనంపి వచ్చారు.

వచ్చి పటం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. మధ్యాహ్నం ఎండ పక్కనుంచి వాలుగా పడుతోంది. ఆయన పటాన్ని ఆ వెలుతురుకు అడ్డంగా వాల్చారు.

నల్ల కొంగ పక్కన ఇంకో కొంగ లేచింది. రంగు లేదు దానికి. గాడి అంచు మీద పడిన వెలుతురు, గాడిలో నీడ, అంతే. కాళ్ళు రెండిటికీ ఒక్కటే. మెడ మొదలు దగ్గర విడిపోయాయి. ఒకటి పైకి, ఒకటి కిందకి. కిందకి వంగినదాని ముక్కు దగ్గర గాళ్ళు చిందరవందరగా ఉన్నాయి. చెంచాతో రుద్దిన మేర మెత్తబడ్డాయి గానీ పోలేదు.

ఆయన ఆ గాడి మీద చూపుడువేలు పెట్టి మెల్లగా నడిపించారు. మెడ వంపు మీదుగా తలదాకా, ముక్కుదాకా.

"అమ్మాయ్."

"మామయ్యగారూ."

"వణుకు సర్దావు. అది నాకు అర్థమవుతుంది. ఇంకా ఎన్ని సర్దావో అడగను." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "తల ఎందుకెత్తావు?"

ఆమె కిటికీ దగ్గరికి వచ్చి ఆ గాడి వైపు చూసింది.

"కొంగ నీళ్ళలో నిలబడి పైకి చూస్తుందా? చేప కిందుంటుంది. అది కిందకి చూడకపోతే పస్తుంటుంది. చిన్నపిల్లలు చదివే పుస్తకమమ్మా ఇది. కొంగ ఎలా బతుకుతుందో చెప్పాలి. అందంగా ఉంది, కాదనను. కానీ అది అబద్ధం కొంగ."

"ముక్కు దగ్గర చిక్కుపడింది మామయ్యగారూ... నాకు తెలీలేదు ఎలా..."

"అడగాల్సింది."

అత్తగారు గ్లాసులు తీస్తూ, "పోనీలెండి, మెచ్చుకునే వెళ్ళాడుగా" అన్నారు. ఆవిడ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం భర్త పటం చూసి, "గోడకి ఎక్కడ కొడదాం?" అన్నాడు. భార్య కళ్ళు చూసి సుత్తి కింద పెట్టేశాడు.

మర్నాడు పొద్దున మామగారు బల్ల ముందు కూర్చుని కొత్త కాగితం బిగించారు.

"మళ్ళీ గీస్తాను కొంగని. నువ్వు దాని మీదే పో. ఎటు పోతే అటు. బంక రబ్బరు ముట్టుకోవద్దు."

"అలాగే మామయ్యగారూ."

ఆయన పెన్సిలు బిగించి పట్టుకున్నారు. భోజనాల వేళ దాటినా లేవలేదు. అత్తగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. మెడ వంపు, తల, నీళ్ళలోకి దిగిన ముక్కు, దాని కింద నీడ. పెన్సిలుగా చూస్తే బాగానే ఉంది. మెత్తటి గీతలన్నీ ఒకదాన్నొకటి ఆసరా చేసుకుని నిలబడ్డాయి. ఆయన కొంచెం వెనక్కి వాలి చూసుకుని, ఫరవాలేదన్నట్టు తలాడించి, కుర్చీ ఖాళీ చేశారు.

ఆమె కలం తీసుకుంది.

"ఇక్కడ మూడు నాలుగు గీతలున్నాయి మామయ్యగారూ. ఏ గీత మీద వెళ్ళమంటారు?"

"గట్టిగా నొక్కిన దాని మీద."

ఆమె వెళ్ళింది. ఎక్కడ గీత ఎగిరితే అక్కడ కలాన్ని ఎగరనిచ్చింది, ఎక్కడ కుంగితే అక్కడ కుంగింది. స్థిరంగా ఉన్న చేతిని కావాలని వణికించడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక్కచోట, కంటి దగ్గర, చెయ్యి సరిచెయ్యబోయింది. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. సరిచెయ్యలేదు. ముక్కు దగ్గరికొచ్చింది. ఆ చిక్కులోకే కలం దింపి, ఆయన నొక్కిన చోటల్లా తిప్పి, బయటికి తీసింది.

సిరా ఆరేలోగా ఆమె కలం తుడిచి పెట్టింది. ఆమె వేలి వెనక వైపు ఆనించి చూసింది. ఆరింది. తెల్ల రబ్బరు అందుకోబోతే ఆయన చెయ్యి చాపారు.

"నేను చెరుపుతాను."

ఎడమ అరచెయ్యి వెడల్పుగా పరిచి కాగితాన్ని పట్టుకున్నారు. రబ్బరును అవతలికే తోశారు, ఒక్కసారి కూడా వెనక్కి లాగకుండా. చెరపడంలో ఆయన చెయ్యి పాతకాలం చెయ్యిలాగే ఉంది. కాళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చారు. మెత్తటి బూడిదరంగు గీతలు, ఆసరాగా నిలబడ్డవన్నీ, పోగులు పోగులుగా చుట్టుకుని లేచిపోయాయి. కింద ఒక్క నల్ల గీత మిగిలింది. కాళ్ళు మిగిలాయి, వణుకుతూ. మెడ మిగిలింది. ముక్కు దగ్గరికొచ్చి ఆయన ఒక క్షణం ఆగి, అదీ చెరిపారు.

నలకలు ఊదారు.

చలికి వణుకుతున్న ఏదో పక్షి కాగితం మీద నిలబడి ఉంది. ముక్కు లేదు దానికి, ముడిపడ్డ దారం ఉంది. ఆయన చేతి వణుకును ఆయన అంతకుముందు చూడలేదని కాదు. గ్లాసులో చూశారు, గుండీల్లో చూశారు. ఇలా నల్లగా, తుడిస్తే పోనట్టుగా, తెల్లటి కాగితం మధ్యలో చూడలేదు. అప్పుడు ఆ తల వంచే ఉంచాల్సింది, ఇవాళ ఈ కలం కొంచెమైనా పక్కకి పోనివ్వాల్సింది అనుకుంది కోడలు. రెండుసార్లూ తను చేసింది తప్పే అయింది. చెప్పిన మాట దాటినప్పుడు ఒకటి, దాటనప్పుడు ఒకటి.

అత్తగారు కొంగు భుజం మీదకి లాక్కుంటూ వచ్చి వంగి చూశారు. ఆవిడ నోట హాస్యం తప్ప ఇంకోటి వినని ఇల్లు అది.

"బానే ఉందిగా అండీ," అన్నారు మెల్లగా. "గాలికి నీళ్ళు కదిలితే... కొంగ కూడా కదిలినట్టు..."

మామగారు ఆవిడ వైపు చూశారు. తర్వాత కోడలి వైపు చూశారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆయన లేచి, ఒళ్ళో పడిన నలకలు దులుపుకుని, చిలక్కొయ్యకున్న చొక్కా తీసుకుని తొడుక్కున్నారు. పై గుండీ దగ్గర వేళ్ళు చాలాసేపు తడుముకున్నాయి. కోడలు సాయం చెయ్యడానికి ఒక అడుగు వేసి, ఆగిపోయింది. ఆయన ఆ గుండీని వదిలేశారు.

"ఎక్కడికండీ ఈ ఎండలో? అన్నం కూడా తినలేదు," అన్నారు అత్తగారు. "ఏవండీ, మిమ్మల్నే."

ఆయన చెప్పులు వేసుకున్నారు. కుడిచేతిని జేబులో పెట్టుకుని, ఎడమచేత్తో గడియ తీసుకుని గేటు దాటారు.